ఒకే పిండి, రెండు అయస్కాంతాలు

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద వేలు పెట్టే సందు కూడా ఉండదు. మలక్కా ఎర్ర గడియారం, పెనాంగ్ వంతెన, పెట్రోనాస్ జంట గోపురాలు, బతు కేవ్స్ మురుగన్, వాటి మధ్యలో తిరుపతి నుంచి అమ్మ పంపిన వెంకన్న. మీ ఇళ్ళల్లోనూ ఇంచుమించు ఇదే ఉంటుందని నాకు తెలుసు. పరాయి దేశంలో ఉన్నవాళ్ళ ఫ్రిజ్ తలుపు అంటే సగం పాస్‌పోర్టు, సగం దేవుడి గూడు కదా!

మేము మలేషియా వచ్చి ఎనిమిదేళ్ళయింది. కౌలాలంపూర్ పక్కనే పుచోంగ్‌లో ఉంటాం. మావారిది మోటార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. నాది డిపెండెంట్ పాస్. ఆ స్టిక్కర్ మీద ఉద్యోగం చేయరాదని అచ్చువేసి ఉండేది. మొదట్లో పాస్‌పోర్టు తెరిచినప్పుడల్లా ఆ మాట దగ్గర చూపు ఆగేది. తర్వాత తర్వాత చూడడం మానేశాను.

నేను తిరుపతిలో బీఎస్సీ చదివాను, 2009లో అయిపోయింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో సీటు కూడా వచ్చింది. ఈలోగా సంబంధం వచ్చింది. "పెళ్ళయ్యాక చదువుకోవచ్చులే" అన్నారు అందరూ. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ అడ్డం పడలేదు. కాకపోతే ఆ "తర్వాత" అనేది రానే లేదు. ఈ కథ మీలో చాలామందికి తెలిసిందే, పొడిగించను.

మొన్న జనవరిలో మా పాపకి బడిలో సైన్స్ ప్రాజెక్టు ఇచ్చారు. దానికి పదకొండేళ్ళు. అయస్కాంతాల మీద చేస్తానంది. మావారు ఆన్‌లైన్‌లో రెండు ప్యాకెట్లు తెప్పించారు. రెండింట్లోనూ మధ్యలో రంధ్రమున్న నల్లటి ఉంగరాల్లాంటి బిళ్ళలే. ఒకే వెడల్పు, ఒకే మందం, ఒకే నలుపు. ఒక ప్యాకెట్ మీద వై10టి అని, ఇంకోదాని మీద వై30 అని రాసి ఉంది. ఎంత ఇనుము పట్టుకుంటాయో చూద్దామని అది గుండుసూదులతో మొదలుపెట్టింది. ఒకటి గుప్పెడు సూదులు లేపితే రెండోది నాలుగైదుతో సరిపెట్టుకుంది.

"గట్టిదాంట్లో ఇనుము ఎక్కువ ఉంది. అదే నా కంక్లూజన్" అంది పాప.

"కాదేమో తల్లీ, రెండూ ఒకే సరుకుతో చేసినవై ఉంటాయి" అన్నాను వంటింట్లోంచి.

"నీకెలా తెలుసమ్మా? నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా. నాన్న వచ్చాక అడుగుతాలే."

కోపంగా అనలేదు, వెటకారంగానూ అనలేదు. ఫ్యాన్ ఆపు అన్నట్టు మామూలుగా అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. పోపు మాడిపోయింది ఆ రోజు.

కాసేపాగి చేతులు తుడుచుకుని వెళ్ళాను. కేకులకి మైదా తూచే చిన్న కాటా తెచ్చి రెండు బిళ్ళలూ తూచమన్నాను. ఒకటి 17 గ్రాములు, ఒకటి 18. "చూశావా, ఇంచుమించు ఒకటే" అన్నాను గొప్పగా.

అది ఒక్క క్షణం ఆలోచించింది. "బరువు ఒకటైతే ఇనుము కూడా ఒకటేనని ఎలా చెప్తాం? ఇంకేదన్నా కలిపి ఉండొచ్చుగా" అంది.

నిజమే. దెబ్బ తిన్నది నేనైనా, లోపల ఎక్కడో సంతోషమేసింది. ప్రశ్న సరైనది. జవాబు నా దగ్గర లేదు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పెళ్ళయ్యాక ఫిజిక్స్ పేపరు చదవడం అదే మొదలు. మొదటి పేజీ దాటడానికి మూడు రాత్రులు పట్టింది. రిమనెన్స్, కోఎర్సివిటీ అనే మాటలు కనబడితే చిన్నప్పటి స్నేహితురాలి ముఖం గుర్తొచ్చి పేరు గుర్తురానట్టు ఉండేది. నాలుగో రాత్రి హఠాత్తుగా బీఎస్సీ రికార్డు పుస్తకంలో నేను గీసిన హిస్టరిసిస్ లూప్ బొమ్మ కళ్ళముందు నిలబడింది. అక్కడి నుంచి పేపరు దానంతటదే కదిలింది.

నాకు అర్థమైనది వంటింటి భాషలోనే చెప్తాను. పాపకీ అలాగే చెప్పాను మరి.

ఈ నల్లటి బిళ్ళలని ఫెర్రైట్ అయస్కాంతాలంటారు. చూడ్డానికి లోహంలా ఉన్నా ఇవి లోహం కావు. కప్పూసాసర్ల జాతి, అంటే సిరామిక్. అందుకే కింద పడితే వంగవు, ఫట్‌మని విరుగుతాయి. దినుసులు రెండే. ఒకటి ఐరన్ ఆక్సైడ్, మామూలు తుప్పు లాంటి ఎర్రటి పొడి. రెండోది బేరియం కార్బొనేట్ గానీ స్ట్రాన్షియం కార్బొనేట్ గానీ. అణువుల లెక్కలో ఒక పాలు కార్బొనేట్‌కి ఇంచుమించు ఆరు పాళ్ళు ఐరన్ ఆక్సైడ్. 1952లో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ కంపెనీ పరిశోధకులు బేరియంతో చేసిన ఈ అయస్కాంతాన్ని లోకానికి చెప్పారు. ఇప్పుడు ఎక్కువగా స్ట్రాన్షియంతో చేస్తున్నారు.

బేరియం అనగానే నేను పాపని ఆపి ఒక మాట చెప్పాను. మాది రైల్వే కోడూరు. మా పక్కనే ఓబులవారిపల్లె మండలంలో మంగంపేట ఉంది. అక్కడి ముగ్గురాయి గనులు ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటి. చిన్నప్పుడు ఆ రాయి లారీలు మా రోడ్డు మీద పోతుంటే మామిడాకుల మీద బూడిదరంగు దుమ్ము పడేది. ఆ ముగ్గురాయే బెరైటీస్, అంటే బేరియం సల్ఫేట్. చేతిలోకి తీసుకుంటే మామూలు రాయికంటే బరువుగా ఉంటుంది. దానిలో ఎక్కువ భాగం నూనెబావులు తవ్వేచోటికి పోతుంది. బొగ్గుతో కాల్చి, మరికొన్ని పనులు చేస్తే అదే బేరియం కార్బొనేట్ అవుతుంది. "అంటే అమ్మమ్మవాళ్ళ ఊరి రాయితో అయస్కాంతం చేయొచ్చా?" అని పాప కళ్ళు పెద్దవి చేసింది. చేయొచ్చు.

ఇక తయారీ. రెండు పొడులూ కలిపి వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. అప్పుడు అవి కలిసి ఫెర్రైట్ అనే కొత్త పదార్థం అవుతుంది. ఇది మొదటి కాల్పు. తర్వాత దాన్ని ఉక్కు గుండ్లున్న డ్రమ్ములో నీళ్ళు పోసి రుబ్బుతారు, మన వెట్ గ్రైండర్ లాగే. ఎంత మెత్తగా? రేణువు ఒక మైక్రాన్ దగ్గరికి వచ్చేదాకా. మిల్లీమీటరులో వెయ్యోవంతన్నమాట. ఎందుకంత మెత్తగా అంటే, రేణువు పెద్దదైతే దాని లోపల ఒక్కో భాగం ఒక్కో దిక్కుకి తిరిగిపోతుంది. రేణువు ఆ పరిమాణానికి తగ్గితే మొత్తం ఒకే దిక్కుకి కట్టుబడి ఉంటుంది, అంత సులభంగా మనసు మార్చుకోదు. ఈ మొండితనం పేరే కోఎర్సివిటీ. అలాగని మరీ అతిగా రుబ్బినా తంటాయే. రేణువుల లోపలి కట్టు చెడుతుంది, పొడి ఉండలు కడుతుంది, అచ్చులో సరిగా కూర్చోదు. గారెల పిండి మెత్తబడిపోతే గారె నూనె తాగినట్టు.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడే మా రెండు బిళ్ళల దారులు విడిపోయాయి.

ఒక పద్ధతిలో పొడిని ఆరబెట్టి అచ్చులో పోసి నొక్కేస్తారు. ఒక్కో రేణువు బొమ్మ బిళ్ళలా పలచగా ఉంటుంది, దాని అయస్కాంత దిక్కు ఆ బిళ్ళకి నిలువుగా ఉంటుంది. ఊరికే నొక్కితే రేణువులు ఎటుపడితే అటు ఉంటాయి. సంతలో జనంలాగా. తయారీ సులభం, ఖర్చు తక్కువ. అదే మా వై10టి.

రెండో పద్ధతిలో రుబ్బిన ముద్దని ఆరబెట్టరు, దోసెపిండిలా జారుగానే అచ్చులోకి పంపుతారు. అచ్చు చుట్టూ బలమైన అయస్కాంత క్షేత్రం పెడతారు. ముద్ద జారుగా ఉంది కాబట్టి రేణువులు తిరగగలవు. అన్నీ ఒకే దిక్కుకి తిరిగి, గుడిలో హారతి వేళ జనం గర్భగుడివైపు చూసినట్టు వరుసలో నిలబడతాయి. అలా నిలబడ్డప్పుడే నొక్కి నీళ్ళు పిండేస్తారు. ఇది నిదానమైన పని, అచ్చులూ ఖరీదే. అదే మా వై30. ఫిలిప్స్‌వాళ్ళే 1954లో ఈ దారి చూపించారు.

దినుసులు ఒకటే, బరువు ఒకటే. తేడా అంతా వరుసలో ఉంది. గ్రేడుల పట్టిక చూస్తే, వై10టి నిలుపుకునే అయస్కాంత బలం 0.2 టెస్లా పైచిలుకు, వై30ది 0.37 నుంచి 0.4 దాకా. అంటే సుమారు సగం. ఇనుముని పట్టిలాగే బలం మాత్రం ఆ సంఖ్య వర్గాన్ని బట్టి పోతుంది కాబట్టి సగం కాస్తా మూడోవంతో నాలుగోవంతో అయిపోతుంది.

"నిజంగా అంతేనా? మనం కొలుద్దాం" అంది పాప. ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులు తూచే కాటా ఉందిగా, దాన్ని బయటికి తీశాం. నా ఇనుప దోసెపెనం తిరగేసి, బిళ్ళ రంధ్రంలోంచి గట్టి తాడు కట్టి, కాటా కొక్కేనికి తగిలించి, బిళ్ళ ఊడిపోయేదాకా లాగాం. ఒక్కోదానికి పదిసార్లు. సగటు తీస్తే వై30కి 780 గ్రాములు, వై10టికి 250. మూడోవంతుకి కాస్త తక్కువ. పట్టిక చెప్పిన లెక్క మా దోసెపెనం మీద కనబడింది! చేతిలో పెన్ను పట్టుకుని ఆ సగటు గీసుకుంటుంటే నాకు చెయ్యి వణికింది. ఎందుకో నాకే తెలీదు.

తర్వాత రెండో కాల్పు. నొక్కిన బిళ్ళని 1200 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు. ఇది మన పాకం లాంటిది. తీగపాకంలో దించాలో ఉండపాకంలో దించాలో తెలియకపోతే ఎలాగో ఇదీ అలాగే. వేడి చాలకపోతే రేణువుల మధ్య సందులు మిగిలి అయస్కాంతం బలహీనమవుతుంది. వేడి ఎక్కువైతే సందులు మూసుకుంటాయి గానీ రేణువులు ఒకదాన్నొకటి మింగి లావెక్కుతాయి. లావెక్కితే మళ్ళీ పాత కథే, మొండితనం తగ్గిపోతుంది. అందుకే చిటికెడు సిలికా, చిటికెడు కాల్షియం కలుపుతారు. అవి రేణువుల మధ్య సరిహద్దుల్లో చేరి వాటిని అతిగా పెరగనివ్వవు. కాలేటప్పుడు బిళ్ళ కుంచించుకుపోతుంది కూడా. వరుసలో నిలబడ్డ బిళ్ళ ఆ వరుస దిక్కున ఎక్కువగా, అడ్డంగా తక్కువగా కుంచించుకుపోతుంది. అందుకే చివర వజ్రపు పొడి అంటించిన చక్రంతో అరగదీసి కొలతకి తెస్తారు.

మరి మన ఫ్రిజ్ బొమ్మల వెనక వంగే నల్ల రేకు? అదీ ఫెర్రైటే. పొడిని కాల్చి గట్టిబరచకుండా రబ్బరులోనో ప్లాస్టిక్‌లోనో కలిపి రోలర్ల మధ్య పలచగా నొక్కుతారు. జంతికల గొట్టంలో ఒత్తినట్టు ఒత్తితే ఫ్రిజ్ తలుపు అంచు లోపల ఉండే అయస్కాంత పట్టీ అవుతుంది. రబ్బరు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి బలం తక్కువ, కానీ వంగుతుంది, కత్తెరతో కత్తిరించుకోవచ్చు. అన్ని గుణాలూ ఒక్కచోట దొరకవు కదా. మీరొకటి చేసి చూడండి. అలాంటి రెండు రేకుల నల్లవైపులు ఎదురెదురుగా పెట్టి మెల్లగా జరపండి. ఒక దిక్కున నున్నగా జారతాయి, ఇంకో దిక్కున గరగరమని గెంతుతాయి. ఉత్తరం, దక్షిణం చారలు చారలుగా అద్ది ఉంటాయి వాటి మీద.

చదువుతూ పోతుంటే మా ఇంటి పక్కనే ఉన్న సంగతి ఒకటి తెలిసింది. మాకు దగ్గర్లోనే సెర్దాంగ్‌లో యూనివర్సిటీ పుత్రా మలేషియా ఉంది. ఎన్నోసార్లు దాని గేటు ముందు నుంచే కూరగాయలకి వెళ్ళాను. అక్కడివాళ్ళు ఉక్కు ఫ్యాక్టరీల చెత్తతో ఫెర్రైట్ చేసే పరిశోధన చేశారు. ఎర్రగా కాలిన ఉక్కుని రోలర్లలో నొక్కేటప్పుడు పైన నల్లటి పొరలు రాలతాయి, మిల్ స్కేల్ అంటారు. దాన్ని రుబ్బి, అయస్కాంతంతో వేరుచేసి, గాలిలో కాల్చి ఐరన్ ఆక్సైడ్ చేసి, దానితో ఫెర్రైట్ తయారుచేశారు. మన విశాఖ ఉక్కులోనూ రాలేది ఈ పొరలే. ఇదే దేశంలో క్వాంతాన్ దగ్గర గెబెంగ్‌లో అరుదైన ఖనిజాలు శుద్ధి చేసే లైనస్ ఫ్యాక్టరీ ఉంది, వ్యర్థాల గురించి ఏళ్ళ తరబడి గొడవలు జరిగాయి. ఆ ఖనిజాల్లోని నియోడిమియంతో చేసే అయస్కాంతాలు ఫెర్రైట్ కంటే పదింతలు శక్తిగలవి. అయినా తుప్పుతో, చెత్తతో, చవగ్గా అయిపోయే ఈ నల్లబిళ్ళని ఎవరూ వదులుకోలేదు. స్పీకర్లలో, కారు వైపర్ మోటారులో, ఫ్రిజ్ తలుపులో నోరు మెదపకుండా పనిచేస్తూనే ఉంది.

ప్రాజెక్టుకి పాప ఒక నమూనా చేసింది. రెండు అట్టముక్కల మీద ఫెవికాల్ పూసి ఇనుప రజను చల్లింది. ఒకదాని కింద అయస్కాంతం పెట్టి ఆరనిచ్చింది, రెండోదాన్ని ఊరికే ఆరనిచ్చింది. ఆరాక అయస్కాంతం తీసేసింది. మొదటిదాంట్లో రజను గీతలు గీతలుగా అలాగే నిలిచిపోయింది. తాడు, సూట్‌కేసు కాటా, దోసెపెనం, అన్నీ బల్ల మీద పెట్టాం. కంక్లూజన్ అది సొంతంగా రాసుకుంది. ఇనుము ఎక్కువ అనే మాట కొట్టేసింది, కానీ చెరపలేదు. "ముందు ఇలా అనుకున్నాను, తర్వాత మార్చుకున్నాను" అని పక్కన రాసింది. అంత నిజాయితీ నాకు ఆ వయసులో లేదు.

ప్రదర్శన రోజు తల్లిదండ్రులని పిలిచారు. మావారికి మీటింగ్, నేనే వెళ్ళాను. న్యాయనిర్ణేతగా వచ్చిన టీచర్ అంతా విని ఒక ప్రశ్న వేశారు. "1200 డిగ్రీల్లో కాలిస్తే అయస్కాంతత్వం పోతుంది కదా. మరి ముందు అంత కష్టపడి వరుసలో నిలబెట్టి ఏం లాభం?"

పాప తెల్లబోయింది. నా వైపు చూసింది. "మా అమ్మకి తెలుసు. తను ఫిజిక్స్ చదివింది" అంది.

నాకు గొంతు ఆరిపోయింది. నా ఇంగ్లీషు ఎప్పుడూ సూపర్‌మార్కెట్ బిల్లుల దాకానే వెళ్ళేది. అయినా చెప్పాను. "నిజమే, 450 డిగ్రీలు దాటేసరికే అయస్కాంతత్వం పోతుంది. కొలిమిలోంచి బయటికి వచ్చినప్పుడు అది అయస్కాంతం కాదు, ఉత్త నల్లరాయి. కానీ రేణువులు కరగలేదు కదా. ఎవరు ఎటు తిరిగి ఉన్నారో అటే ఉంటారు. పైగా వరుసలో ఉన్న పెద్ద రేణువులు పక్కనున్న చిన్నవాటిని కలుపుకోవడంతో వరుస ఇంకా కుదురుతుంది. చల్లారాక ఒక్క క్షణం బలమైన క్షేత్రం తగిలిస్తే చాలు, మొత్తం బలం తిరిగి వస్తుంది. అయస్కాంతత్వం పోయింది గానీ అమరిక పోలేదు."

ఆ చివరి మాట నా నోట్లోంచి వచ్చాక నేనే ఆగిపోయాను. ఆ టీచర్ తల ఊపి రాసుకుంటున్నారు. పాప నన్ను చూస్తోంది. నేను మాత్రం అయస్కాంతం గురించే చెప్పానో, ఇంకేం చెప్పానో తెలియక బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

బహుమతి రాలేదు. మొదటిది రోబోకి, రెండోది సోలార్ కారుకి వచ్చాయి. కారులో పాప కాసేపు ఏడ్చింది. నేనూ ఓదార్చలేదు, ఏడవనిచ్చాను. ఇంటికొచ్చాక వై30 బిళ్ళని వెంకన్న పక్కన ఫ్రిజ్‌కి అంటించింది. దానికింద బడి కరెంటు బిల్లంత కాగితం పట్టుకుని అలా వేలాడుతోంది ఇప్పటికీ. వారం తర్వాత హోంవర్కులో ఏదో అర్థంకాక, నాన్న పక్కనే ఉన్నా, వంటింట్లోకి వచ్చి "అమ్మా, ఇది చూడవా?" అంది. నాకు అదే బహుమతి అని రాయాలనుంది గానీ, నిజం చెప్పాలంటే అది ఒక్కటే చాలదు.

దూరవిద్యలో ఎమ్మెస్సీ దరఖాస్తు డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాను. ఇంకా నింపలేదు. మావారు "నింపెయ్" అంటున్నారు. అత్తయ్య ఫోన్లో "ఇప్పుడెందుకమ్మా" అన్నారు, మర్నాడు మళ్ళీ ఫోన్ చేసి "ఫీజెంత?" అని అడిగారు. 15 ఏళ్ళ కొలిమి తర్వాత నాలో ఎంత మిగిలిందో కొలవడానికి సూట్‌కేసు కాటా పనికిరాదు. కూర్చుని చదివితేనే తెలుస్తుంది.

ఈ రాత్రి గిన్నెలు సర్దేశాక మీ ఫ్రిజ్ మీది రెండు బొమ్మలు తీసి నల్లవైపులు కలిపి జరిపి చూడండి. ఆ గరగర మీ వేళ్ళకి తగిలితే, పక్కన పిల్లలుంటే వాళ్ళకి కూడా చూపించండి. ఎందుకలా అని అడిగితే, నాన్నని అడగమనకండి.